అగడ్త వాటా

మా పుట్టిల్లు హిందూపురానికీ పెనుకొండకూ మధ్యలో ఒక చిన్న పల్లె. ఊళ్ళో కోట వీధి ఉంది గానీ కోట లేదు. మిగిలింది ఒక బురుజు, దాని కింద తుమ్మచెట్లు మొలిచిన పల్లం. మా జేజి దాన్ని అగడ్త అనేది. మా పిల్లలకు ఆ మాటే తెలీదు. గోడ చుట్టూ నీళ్ళు నిలిచేలా తవ్విన కందకమని విడమరిచి చెప్పాను.

కోట అంటే రాజులదే అనుకుంటాం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు పెనుకొండకు చేరాడని బడిలో చదువుకున్నాం. కానీ పాళెగాళ్ళ కాలంలో మన సీమ పల్లెలు కూడా గోడలు, బురుజులు కట్టుకున్నాయి. దండు వస్తోందంటే గొడ్డూగోదా లోపలికి తోలుకుని తలుపులు వేసుకోవాలి కదా! 1800లో సీమ కుంపిణీ చేతికి పోయి, మన్రో దొర పాళెగాళ్ళను అణిచేశాక ఆ గోడలతో పని తీరిపోయింది.

ఇంగ్లండులోనూ పల్లెల్లో ఇలాంటి అగడ్తలు ఐదు వేలకు పైగా ఉన్నాయట. ఎక్కువ భాగం 1250, 1350 మధ్య తవ్వినవే. ఊరికి కాదు, కలిగినవాళ్ళు ఒక్కో ఇంటి చుట్టూ తవ్వించుకున్నారు. శత్రువు భయం కన్నా గొప్ప కోసమే ఎక్కువట. నీళ్ళలో చేపలూ పెంచుకునేవాళ్ళు. ధర్మవరంలో ఉన్న మా చెల్లెలికి ఇది చెబితే, "ఇప్పుడు మనవాళ్ళు ఇంటికన్నా పెద్ద గేటు పెట్టించినట్టే కదక్కా" అని నవ్వింది.

నాయన పోయాక వాటాల మాట వచ్చింది. మా దొడ్డి వెనక ఆ పల్లం సగం మా పట్టాలోదే. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు కూడా ప్లాట్ల మాటలే. మట్టి తోలించి చదును చేసి అమ్ముదామన్నాడు అన్న. కూతురి పెళ్ళి దగ్గర పడింది, అతని అవసరం అతనిది. అమ్మ మాత్రం, "వానొస్తే వీధి నీళ్ళన్నీ అందులోకే పోతాయి. పూడిస్తే ఇంట్లోకొస్తాయి" అంది.

రోడ్డు వైపు మెరక అన్ననే అమ్ముకోమన్నాను. పల్లం నా వాటా కింద రాయించుకున్నాను. "ఆ గుంతతో ఏం చేస్తావు?" అని మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. డబ్బు నష్టమే, కాదనను.

పెళ్ళి బాగా జరిగింది. ఆ ఏడు వానలకు పల్లం నిండింది. ఎన్నాళ్ళుగానో ఎండిన మా చేదబావిలో నీళ్ళు కనబడ్డాయని అమ్మ ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మా ఆయనకు వినిపించాను. ఆయనేమీ అనలేదు. "ఆదివారం పోదాం, తుమ్మచెట్లు కొట్టించాలి" అన్నారు, అంతే.