గుప్పెడు బియ్యం

మన పల్లె చర్చిల్లో ఒక పాత అలవాటుంది. ఇల్లాలు ఎసరు పెట్టి, వంటకి కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి, పక్కనున్న చిన్న కుండలో పోస్తుంది. ఆ తర్వాతే మిగతా బియ్యం కడగడం. ఆ కుండ చర్చికి చేరాక అందరి బియ్యం ఒకే గోతంలో పడతాయి. కొన్నిచోట్ల అమ్మి ఆ డబ్బు కానుకలో కలుపుతారు, కొన్నిచోట్ల పాస్టరుగారింటికో లేనివాళ్ళకో పంపుతారు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ఈ పద్ధతిని బాగా ప్రోత్సహించారు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడాయన. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలికి పోయే మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. వాళ్ళ చేతిలో డబ్బు ఆడేది కాదు, ఉన్నవల్లా కూలికొచ్చిన గింజలే. మిజోరంలోనూ 1910 నుంచి ఇలాంటిదే నడుస్తోంది.

నాకు నచ్చేది ఆ గుప్పెడు ఎంతో ఎవరూ చెప్పకపోవడం. వేళ్ళు వదులుగా మూస్తే కొన్ని గింజలే వస్తాయి. నిండా ముంచి తీస్తే చిన్నపిల్లాడి పూట గడుస్తుంది. నెలాఖర్లో డబ్బా అడుగు గీరుకుంటున్నప్పుడు ఏ గుప్పెడు తీశావని అడిగేవాడు వంటింట్లో ఉండడు. అత్తగారు పొలంలో, మొగుడు అరుగు మీద. తీయడం మానేసినా తెలిసేది ఆమెకొక్కదానికే.

మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడూ చాటుగానే చెయ్యమన్నాడు యేసు. ప్రార్థనకైతే గదిలోకెళ్ళి తలుపేసుకోమన్నాడు. ఆనాటి పాలస్తీనా పేదిళ్ళల్లో తలుపున్న గది అంటే సామాన్లూ గింజలూ దాచుకునే కొట్టుగదే అంటారు పండితులు. బియ్యం డబ్బా దగ్గర నిలబడ్డ ఆ ఇల్లాలు సరైన చోటే ఉందన్నమాట.

ఇక మనం. చర్చిలో ఫ్యాను రెక్క మీద దాత పేరు, పల్పిట్ మీద దాత తండ్రిగారి పేరు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పేరు కనబడదు, అదొక్కటే ఊరట. క్రిస్మస్‌కి ఆసుపత్రిలో ఒక్క బ్రెడ్డు ప్యాకెట్టుని ఆరుగురు పట్టుకుని ఫొటో దిగుతారు. మంచానున్న మనిషి ఎటు చూడాలో తెలియక కెమెరా వైపే చూస్తాడు.

అలాగని, ఎవరూ చూడకపోయినా పైనున్నాయన చూస్తున్నాడు జాగ్రత్త అనే బెదిరింపూ నాకు రుచించదు. అలా అంటే దేవుణ్ణి కిరాణాకొట్టు సీసీ కెమెరా చేసినట్టే. కెమెరాకి భయపడేవాడు అది పాడైందని తెలిసిన రోజున ఏం చేస్తాడో మనకి తెలుసు. చాటున చూసే తండ్రి అన్నాడు యేసు, ఇన్‌స్పెక్టర్ అనలేదు.

ఆ తండ్రి చూపులో భయం లేకుండా బతికిన వంటవాడొకడు పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో ఉండేవాడు, పేరు బ్రదర్ లారెన్స్. వంటపని ఆయనకి మొదట్నుంచీ గిట్టేది కాదు. అయినా ఏళ్ళ తరబడి ఆ గిన్నెల మధ్యే దేవుడితో మాట్లాడుకుంటూ గడిపాడు. 1691లో పోయాక గాని ఆయన ఉత్తరాలు అచ్చుకాలేదు.

మళ్ళీ మన గోతం దగ్గరికి వద్దాం. ఒకసారి కలిశాక ఎవరి గుప్పెడేదో తెలియదని అందరి ధీమా. ఆ బియ్యం వండే పాస్టరమ్మగారి దగ్గర ఆ ధీమా చెల్లదు. పాత బియ్యం పలుకు మీద ఉండగానే కొత్తవి ముద్దవుతాయి, రేషన్ బియ్యం రంగే వేరు. చేటలో పోసి చెరిగేటప్పుడు పురుగు పట్టినవి ఒక మూలకి చేరతాయి. ఊళ్ళో ఎవరింట్లో ఏ బియ్యం వండుతారో తెలిసినావిడ, ఆ పురుగు బియ్యం ఎవరివో ఇట్టే పోల్చుకుంటుంది. సన్నబియ్యం తినే ఇంటినుంచే వచ్చాయని తెలిసినా పాస్టరుగారితో కూడా అనదు. కోళ్ళకి జల్లేస్తుంది. ఆదివారం ఆ ఇంటావిడే మెట్ల దగ్గర ఎదురైతే, “వందనాలమ్మా, మీ చిన్నవాడికి జ్వరం తగ్గిందా?” అని అడుగుతుంది.