మనుషులు వదిలేసినా నీళ్లు వదలని కొండ

పారిస్ కొండ ఎత్తు 147 మీటర్లే. మన వైపైతే గుట్ట అని ఊరుకుంటాం. ఫ్రాన్స్ రాజధానితో దీనికి ఏ సంబంధమూ లేదు. వేల్స్ వాయవ్య మూలన ఆంగిల్సీ దీవిలో, అమ్లుఖ్ అనే రేవు ఊరి పైన ఉంది. కొండ మీద గుర్తులు పెట్టిన కాలిబాట ఉంది, దారి పొడుగునా వివరాల పలకలున్నాయి. చదువుకుంటూ పోవచ్చు గానీ, నీటి వెంట దిగితే కథ బాగా అందుతుంది.

ముందు పెద్ద గొయ్యి. పసుపు, ఊదా, ఇటుక, బూడిద రంగుల గోడలు. చెట్టు జాడ లేదు. సినిమావాళ్లు వేరే లోకాలు చూపించడానికి ఇక్కడికి వచ్చారు. ఇదంతా పలుగూ సుత్తీ మందుగుండూ చేసిన పని. కంచు యుగం మనుషులు సుమారు 4,000 ఏళ్ల కిందటే ఇక్కడ రాతి సుత్తులతో తవ్వారు. అసలు జోరు మాత్రం 1768 మార్చి 2న, రోలండ్ పూ అనే గని కార్మికుడు మేలైన రాగి ఖనిజం కనిపెట్టాక మొదలైంది. అతనికి ఒక విస్కీ సీసా, బతికినన్నాళ్లూ అద్దె లేని ఇల్లు ఇచ్చారట. ఆ గని పుణ్యాన థామస్ విలియమ్స్ అనే వకీలు రాగి రాజు అనిపించుకున్నాడు. రాయిని ముక్కలు చేసింది మాత్రం ఆడవాళ్లు: ఎడమ చేతికి ఇనుప కట్ల తొడుగు, కుడి చేత సుత్తి.

ఇంకాస్త పైన రెక్కలు పోయిన గాలిమర. 1878లో కట్టినప్పుడు దానికి ఐదు రెక్కలు. గనిలో ఊరే నీళ్లు తోడడానికి ఆవిరి యంత్రానికి తోడుగా నిలిపారు. నీరు గనికి శత్రువే, కానీ ఇక్కడ దానితోనూ డబ్బు చేసుకున్నారు. కొండ రాయిలో గంధకం ఉంది. గాలీ నీరూ తగిలితే అది ఆమ్లమవుతుంది, ఆమ్లం రాగిని కరిగిస్తుంది. అంటే గనిలోంచి వచ్చేది పలుచటి మైలుతుత్తం నీరే. బడిలో మైలుతుత్తం నీళ్లలో మేకు వేస్తే దాని మీద రాగి పూత పడుతుంది కదా, అదే ప్రయోగం ఇక్కడ చెరువుల లెక్కన చేశారు. మడుగుల్లో పాత ఇనుము పోస్తే ఇనుము కరిగి రాగి బురదగా దిగేది. మిగిలిన నీటిని కింది మడుగుల్లో నిలవేసి, అడుగుకు చేరిన కావిమన్నును రంగుల కోసం అమ్మారు. గోతిలో తవ్వకం తగ్గిపోయాక కూడా, 20వ శతాబ్దంలో చాలా కాలం దాకా, ఈ మడుగులు పనిచేశాయి. ఈ కొండమీద నాకు నచ్చిన తెలివి ఇదే.

ఆ మడుగుల దగ్గర, డిఫ్రిన్ అడ్డా సొరంగం నోట, ఎర్ర నీరు ఇప్పటికీ బయటికొస్తోంది. లోపల అడ్డుకట్ట వెనక నిలిచిన నీరు తెగి ఊరి మీద పడుతుందన్న భయంతో 2003లో తోడేశారు. అప్పటినుంచి గని నీటిలో ఎక్కువ భాగం ఉత్తరంగా పారే ఎర్ర ఏటిలోకే పోతోంది. ఆ ఏటి వెంటే అమ్లుఖ్ దాకా దిగొచ్చు.

1793లో పార్లమెంటు చట్టంతో పెద్దది చేసిన రేవు అది. కరిగించడానికి ఖనిజం ఇక్కడినుంచి బొగ్గు దొరికే స్వాన్సీకీ లాంకషైర్‌కూ వెళ్లేది. రాగి రేకులు యుద్ధనౌకల అడుగున పురుగు పట్టకుండా కాపాడాయి. అంతే కాదు, ఆఫ్రికాలో మనుషుల్ని కొనడానికి వాడిన సరుకులోనూ రాగి ఉండేది. బానిస వ్యాపారానికి పగ్గాలు వేయబోతే, 1788లో విలియమ్స్ పార్లమెంటుకు అభ్యంతరం రాసుకున్నాడు.

ఏరు ఐరిష్ సముద్రంలో పడుతుంది. ఆ సముద్రంలోకి బ్రిటన్ వైపునుంచి చేరే రాగి, జింకుల్లో పెద్ద వాటా దీనిదే. ఒకప్పుడు తుక్కు ఇనుము పోసి మరీ పట్టుకున్న రాగిని, ఇప్పుడు కాలుష్యం పద్దులో రాస్తున్నారు.