స్ప్రింగు పఠనము

గురుముఖమునఁ గాక గ్రంథమువలన వచ్చిన విద్య విద్యయే కాదని మన పెద్దలలోఁ గొందఱి మతము. గురువు దొరకనివారు చదువు మానవలయునా? మా వీథిలో నొక కోడలుపిల్ల కలదు. కళాశాలలో జావా భాష నేర్చినది. వివాహానంతరము నాలుగేండ్లు వంటయింటనే గడచినవి. నగరమునకుఁ బోయి శిక్షణాలయమునఁ జేరుట కత్తవారు సమ్మతింపలేదు. "మాస్టరుగారూ, పుస్తకము చూచి స్ప్రింగు నేర్చుకొనవచ్చునా అండీ?" అని యామె యడిగెను. ఇంగ్లీషు విప్పి చెప్పుట మావంతు, జావా విప్పి చెప్పుట యామెవంతు అని యేర్పఱచుకొని, సాయంకాలములయందు అత్తగారి యెదుటనే కూర్చుండి చదువ నారంభించితిమి.

ఈ స్ప్రింగు పుట్టుకయే పుస్తకమున. 2002వ సంవత్సరమున రాడ్ జాన్సన్ అను నతఁడు జావాతోఁ బెద్ద వ్యవహారములు నడపు విధమునుగూర్చి యొక గ్రంథము ప్రకటించి, దానికిఁ దోడుగా సుమారు 30,000 పంక్తుల ప్రోగ్రాము నొసఁగెను. చదువరులలో నిద్దఱు పట్టుపట్టి దానిని సర్వజనోపయోగముగాఁ జేయించిరి. 2004లోఁ దొలి సంపూర్ణరూపము వెలువడెను. పుస్తకమునఁ బుట్టినదానిని బుస్తకమున నేర్వరాదనుట మాకు సమ్మతము గాదు.

అయినను గాఠిన్యము కాఠిన్యమే. లైబ్రరీ యనుదానిని మన ప్రోగ్రాము పిలుచును. ఫ్రేమువర్కు మన ప్రోగ్రామునే పిలుచును. ఈ తలక్రిందుల వ్యవహారము బోధపడుటకు మూఁడు వారములు పట్టెను. ఒక వస్తువు తనకుఁ గావలసిన మఱియొక వస్తువును దానే సృజించుకొనరాదు. ఇది కావలెనని చెప్పి యూరకుండవలెను. స్ప్రింగు తెచ్చి యందిచ్చును. బడిపంతులు సుద్దముక్కను దాను చేసికొనఁడు, కార్యాలయమువా రిత్తురని మేము చెప్పితిమి. ఇయ్యని నెలలును గలవు. అది వేఱు ప్రసంగము. ఆమె వెంటనే, "అట్లయినఁ బరీక్షించి చూచునపుడు నిజమైన ఖాతాలకు బదులు ఉత్తుత్తి ఖాతాల నందీయవచ్చును గదా!" అనెను. ఆ మాటయే నలువది పుటల పిమ్మటఁ బుస్తకమునఁ గనఁబడెను.

పాణినీయమున నొక సూత్రమున కర్థము తెలియవలెనన్న నెక్కడనో వెనుకనున్న యధికారసూత్రము జ్ఞప్తియం దుండవలెను. స్ప్రింగునందును నొక్క చిన్న గుర్తు వెనుకఁ బెక్కు నియమములు దాఁగియుండును. భట్టోజీదీక్షితుఁడు కౌముదియందువలె విషయక్రమమునఁ గూర్చిన పుస్తకమే కొనఁదగినది. 2014లో స్ప్రింగు బూటు వచ్చిన పిదప నమరికలలోఁ జాలభాగము తనంతఁ దానే జరుగుచున్నది గనుక, పాత ముద్రణ కలవారు ఎక్స్‌ఎమ్‌ఎల్ పుటలను ద్వరగా దాఁటవచ్చును. దోషమొకటి తటస్థించినఁ దెరమీఁద రెండు పుటల ఫిర్యాదు వచ్చును; అసలు కారణము తఱచుగాఁ జివరనుండును. క్రిందినుండి చదువుట మేలు.

గతవారము అత్తగారు కూరగాయల పళ్లెము తమవైపునకు లాగుకొని, "నీవు చదువుకొనవే" అనిరి. ఇంక నాలుగధ్యాయములు మిగిలినవి. భద్రతాధ్యాయము వానిలో మొదటిది.