మా చెల్లి తిరగలి



మన గ్రూపులో అందరూ నోటిఫికేషన్ల గురించి, హాస్టల్ సమస్యల గురించి, జీవో నెంబర్ 3 గురించి రాస్తుంటారు. నేను ఈరోజు గుండ్రంగా తిరిగే ఒక కంచం గురించి రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మాది పాడేరు అవతల ఊరు. నేనూ మా చెల్లీ విశాఖలో ఒక గదిలో అద్దెకుంటున్నాం. ఆమె డిగ్రీ రెండో సంవత్సరం. నేను పోటీ పరీక్షలకి చదువుకుంటూ సాయంత్రాలు ఒక షాపులో పని చేస్తాను. గదిలో గోడలోకి కట్టిన అలమర ఒక్కటే ఉంది. మూడు అరలు, లోతు అడుగున్నర. వంట సామాన్లు, పుస్తకాలు, మందులు, సబ్బులు అన్నీ అందులోనే. ముందు పెట్టింది కనిపిస్తుంది, వెనక పెట్టింది ఉందన్న సంగతే మర్చిపోతాం. ఒకసారి ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు పొట్లం ఆర్నెల్లకి దొరికింది. ఈలోపు రెండుసార్లు కొన్నాం. పసుపు పండించే ఊరోళ్లం, పసుపు కొనుక్కున్నాం!

మా ఇంటి దగ్గర ఈ తిప్పలు లేవు. మా అమ్మమ్మ ఇంట్లో అలమరే లేదు. దూలానికి మొక్కజొన్న కంకులు వేలాడేవి, ఉట్టి మీద కుండ ఉండేది, గోడ మేకుకి సొరకాయ బుర్ర. విత్తనాలు అటక మీద, చోళ్లు బుట్టలో. ఇంటి మధ్యలో నిలబడి ఒక చుట్టు తిరిగితే ఉన్నదంతా కనిపించేది. ఒకదాని వెనక ఒకటి దాక్కోడానికి చోటే లేదు. ఈ తేడా నాకు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తెలీలేదు, పట్నంలో అలమర ముందు గొంతుక్కూర్చున్నాక తెలిసింది.

ఇప్పుడు అసలు విషయం. మా చెల్లికి సికిల్ సెల్ ఉంది. మన గ్రూపులో చాలామంది ఇళ్లల్లో ఈ జబ్బు తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి, అప్పుడు ఎముకల్లో నొప్పి మొదలవుతుంది. చూసేవాళ్లకి ఏమీ కనిపించదు. పడేవాళ్లకి మంచం మీంచి లేవడమే కష్టం. రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర, డాక్టర్ రాసిన హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ వేసుకోవాలి. నీళ్లు బాగా తాగాలి, చలిలో తిరగకూడదు. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

పోయిన డిసెంబరులో నాలుగు రోజులు ఆమె క్యాప్సూల్ వేసుకోలేదు. అయిపోయాయనుకుంది. నాకు జీతం రాలేదని తెలుసు, అందుకే అడగలేదు. ఐదో రోజు రాత్రి నొప్పి వచ్చింది. ఆసుపత్రి చీటీ కోసం అలమర మొత్తం కింద పడేస్తుంటే పచ్చడి సీసా వెనక కొత్త స్ట్రిప్పు కనిపించింది. నేనే తెచ్చి, నేనే అక్కడ పెట్టి మర్చిపోయాను. ఆ నాలుగు రోజుల వల్లే నొప్పి వచ్చిందని డాక్టర్ అనలేదు. అప్పుడు చలి కూడా ఎక్కువగానే ఉంది. కానీ నాకు మాత్రం ఆ పచ్చడి సీసా చాలా రోజులు కళ్ల ముందు తిరిగింది.

తర్వాత ఫోన్లో వెతికితే తిరిగే ట్రేలు కనిపించాయి. అమెరికావాళ్లు వీటిని లేజీ సూసన్ అంటారు. బద్ధకపు సూసన్ అన్నమాట. ఇదేదో బాగుందని చెల్లికి చూపించాను. పేరుకి అర్థం చెప్పేసరికి ఆమె మొహం మారిపోయింది. "ఆ పేరున్నది మనింట్లో వొద్దు అన్నియ్యా" అంది.

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. రక్తపరీక్ష జరగకముందు ఆమె చదివిన బడిలో పొద్దున్నే పరుగు పెట్టించేవారు. ఈమె సగంలో కూలబడిపోయేది. బద్ధకం అన్నారు, దొంగ నాటకం అన్నారు, ఎండలో నిలబెట్టారు. ఇంటికొచ్చి చెప్తే మేమూ నమ్మలేదు. "అందరు పిల్లలూ పరిగెట్టట్లేదేటి" అని నేనే అన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. రాస్తున్నాను, ఎందుకంటే మీ ఇంట్లో కూడా ఊరికే అలిసిపోయే పిల్ల ఉంటే తిట్టకముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ట్రే కొనలేదు. పేరు కారణం కాదు, ధర కారణం. అందులో ఉండేదేమిటో చూస్తే పెద్ద విషయం కాదని తెలిసింది. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, మధ్యలో చిన్న ఇనుప గోళీలు. సైకిల్ చక్రం ఇరుసులో ఉండేవే. మన దగ్గర రెండు స్టీలు కంచాలు, పిల్లలాడుకునే గాజు గోళీలు ఉంటే చాలు.

కింది కంచం అంచు నిటారుగా, గోళీ కంటే కాస్త ఎత్తుగా ఉండాలి, లేకపోతే పై కంచం జారి బయటికొచ్చేస్తుంది. పై కంచం ఒక అంగుళం చిన్నది, అడుగు చదునుగా ఉన్నది తీసుకోండి. గోళీలన్నీ ఒకే సైజువి. నేను మొదట పది వేశాను. అన్నీ ఒక పక్కకి చేరిపోయి కంచం ఒరిగింది, మాత్రలన్నీ మంచం కిందికి పోయాయి. తర్వాత గోళీ కంటే పొట్టిగా ఉన్న వెడల్పాటి డబ్బా మూత ఒకటి మధ్యలో అతికించి, దాని చుట్టూ 24 గోళీలు పరిచాను. కిక్కిరిసేలా వేయొద్దు, ఒకదానికొకటి రాసుకుని ఆగిపోతాయి. దొర్లడానికి సందు ఉండాలి.

తిప్పి చూసి చెల్లి "ఇది అమ్మమ్మ తిరగలే కదా" అంది. నిజమే. మా అమ్మమ్మ చోళ్లు విసిరే తిరగలి కూడా రెండు గుండ్రాలే, పైది తిరుగుతుంది, కిందిది కదలదు. అలా మా గదిలో దాని పేరు తిరగలి.

లెక్క కూడా చెప్పాలి, లేకపోతే గొప్పలు చెప్తున్నాననుకుంటారు. 12 అంగుళాల చదరపు చోటులో 144 చదరపు అంగుళాలుంటాయి. అందులో 12 అంగుళాల గుండ్రటి కంచం పెడితే 113 మాత్రమే వాడుకోగలం. నాలుగు మూలలూ పోతాయి. కాబట్టి చోటు తక్కువైంది అనేవాళ్లకి ఇది మందు కాదు, చోటు ఇంకా తగ్గుతుంది. ఉన్నది కనిపించట్లేదు అనేవాళ్లకి మాత్రమే పనికొస్తుంది. వంటకి ఇంకోటి చేశాను. ఉప్పు, కారం, నూనె, చింతపండు, ఆ పసుపు. నూనె కారినా కంచంలోనే ఉంటుంది, కడిగేయొచ్చు. బియ్యం డబ్బా లాంటి బరువులు పెట్టొద్దు. పుస్తకాలు పెట్టి చూశాను, పూర్తిగా దండగ. నలుచదరం పుస్తకాలకీ గుండ్రటి కంచానికీ పొత్తు కుదరదు.

మందుల తిరగలి మాత్రం ఆమె మంచం పక్క స్టూలు మీద ఉంటుంది. సగానికి కోసిన నీళ్ల సీసాలు నాలుగు అందులో పెట్టాం. ఒకదాంట్లో ఫోలిక్ యాసిడ్, ఒకదాంట్లో క్యాప్సూళ్లు, ఒకదాంట్లో డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు, నాలుగోదాంట్లో థర్మామీటరు, ఆసుపత్రి చీటీ. ఒక్క జాగ్రత్త. పక్క వాటాలో చిన్నపిల్లలున్నారు, వాళ్లొచ్చినప్పుడు దీన్ని తీసి పై అరలో పెట్టేస్తాం. ఆ క్యాప్సూళ్లు పిల్లల చేతికి తగలకూడదు.

నెల కింద ఒక రాత్రి రెండు గంటలప్పుడు గోళీల గరగర వినిపించి మెలకువ వచ్చింది. చీకట్లో ఆమె చెయ్యి కంచాన్ని నెమ్మదిగా తిప్పుతోంది. తర్వాత నీళ్లు తాగిన చప్పుడు. నేను కదల్లేదు. పొద్దున అడిగాను, "నొప్పొస్తే నన్ను లేపొచ్చు కదే" అని.

"ఎందుకు? చేతికి దొరికింది కదా" అంది, జడ వేసుకుంటూ. ఆ రోజు కాలేజీకి కూడా వెళ్లింది.

గోళీలు ఒక పొట్లం కొంటే చాలా వస్తాయి. విశాఖలో ఉన్నవాళ్లు ఎవరైనా చేసుకుంటానంటే చెప్పండి, నా దగ్గర ఇంకా మిగిలాయి.