67 మిల్లీమీటర్లు

సింగపూర్ నౌకాశ్రయానికి చేరువలో, కెప్పెల్ రోడ్డు మీద, తంజోంగ్ పగార్ రైల్వే స్టేషను ముఖద్వారాన నాలుగు పాలరాతి మూర్తులు నిలిచి ఉన్నాయి. వ్యవసాయం, వాణిజ్యం, రవాణా, పరిశ్రమలకు అవి ప్రతీకలు. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క ఆంగ్లాక్షరం చొప్పున, నాలుగూ కలిస్తే సమాఖ్య మలయా రాష్ట్రాల రైల్వే పేరు సంక్షిప్తంగా కనబడుతుంది. 1932 మే 2న గవర్నర్ సెసిల్ క్లెమెంటి ప్రారంభించిన ఈ భవనం ఊరిలోని స్టేషను మాత్రమే కాదు. ఆసియా ప్రధాన భూభాగం మీదుగా దిగివచ్చే పట్టాలకు దక్షిణపు కొస.

ఆ కొస దాకా పట్టాలు రావడానికి రెండు అతుకులు కావలసి వచ్చాయి. మొదటిది ఉత్తరాన, మలయా–సియాం సరిహద్దులోని పడాంగ్ బెసార్ వద్ద, 1918లో పడింది. రెండవది నీటి మీద. 1903లోనే సింగపూర్ ద్వీపం ఈ చివరినుంచి ఆ చివరకు రైలు నడిచింది గాని, జొహోర్ జలసంధి దగ్గర ప్రయాణికులు దిగి పడవ ఎక్కవలసి వచ్చేది. జలసంధిలో రాళ్లు పోసి కట్టిన కాజ్‌వే మీదుగా 1923 అక్టోబరు 1న ప్రయాణికుల బండి దాటింది. అప్పటినుంచి సింగపూర్ పేరుకే ద్వీపం.

పట్టాలు కలిస్తే చాలదు, వాటి నడుమ ఎడమూ కలవాలి. మలయాలో అది ఒక మీటరు. బ్యాంకాక్ నుంచి ఉత్తరాదికి సియాం వేసుకున్నవి అంతకంటే వెడల్పైన పట్టాలు. దక్షిణపు పొరుగుతో కలిసేందుకు సియాం తన ఉత్తరాది పట్టాలన్నిటినీ మీటరుకు కుదించుకుంది. ఆ పని 1930 నాటికి ముగిసింది. ఒక రాజ్యం తన కొలతనే మార్చుకోవడమంటే ఏమిటో గుంతకల్లులోనో కాచిగూడలోనో మీటరుగేజి బండ్లు చూసి పెరిగిన తరానికి విడమరచి చెప్పనక్కరలేదు. గేజి మారిన చోట పెట్టెలు ఆగుతాయి. మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని మరో బండి వెతుక్కుంటారు.

ఆ మూటలలో తెలుగు మూటలూ ఉన్నాయి. కంగాణీల వెంట సముద్రం దాటి, మలయా రబ్బరు తోటలకు, పేరా రాష్ట్రంలోని బాగాన్ దాతో కొబ్బరి తోటలకు చేరిన తెలుగు కూలీల కుటుంబాలకు ఈ పట్టాలు పరిచితమైనవే. తోట నుంచి రేవుకు, రేవు నుంచి తోటకు సాగే జీవితం అది. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను నిలిపివేసింది. నాలుగేళ్లు తిరక్కుండానే సింగపూర్ జపాన్ వశమైంది; ఆ కుటుంబాలు ఉన్నచోటనే చిక్కుబడిపోయాయి.

1942 జూన్ మొదలుకొని యుద్ధఖైదీలను సింగపూర్ నుంచి రైలులో ఉత్తరానికి తరలించారు. ప్రయాణికుల పెట్టెలలో కాదు, ఇనుప గూడ్సు పెట్టెలలో. పెట్టెకు ముప్పైమంది దాకా. పగలు కాలిపోయే ఇనుము, రాత్రి చలి పుట్టించే ఇనుము. నాలుగైదు రోజుల ప్రయాణం. దిగిన చోటు సియాంలోని బాన్ పాంగ్. అక్కడినుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ దిశగా 415 కిలోమీటర్ల కొత్త దారి వేయాలి. అది 1943 అక్టోబరులో పూర్తయింది. 60,000కు పైగా ఖైదీలు పనిచేయగా 12,000 మందికి పైగా మరణించారు. వారికంటే ఎన్నో రెట్లు పనిచేసినవారు ఆసియా కూలీలు: బర్మా, జావా, మలయాల నుంచి వచ్చినవారు, మలయా తోటల నుంచి తరలించిన తమిళులు, వారి పక్కన తెలుగువారు. మంచి కూలి, కొద్ది నెలల పని అని నమ్మించి కొందరిని, బలవంతంగా మరికొందరిని తీసుకుపోయారు. మరణించిన కూలీల సంఖ్య 90,000 వరకు ఉంటుందని తరచు వినబడే అంచనా. లెక్క రాసినవారు లేరు కనుక అది అంచనాగానే మిగిలింది.

1943 వానాకాలంలో ఆ దారి వెంట కలరా ప్రబలింది. ఖైదీల మధ్య వైద్యులు ఉన్నారు. ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ డన్‌లప్, బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ హార్డీ రహస్యంగా దినచర్యలు రాసి దాచారు. 1980లలో అవి పుస్తకాలుగా వచ్చాయి. మందు లేనిచోట కాచిన నీరు, దొడ్ల శుభ్రత, రోగిని వేరుగా ఉంచే క్రమశిక్షణ ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో ఆ సాహిత్యం చదివినవారికి తెలుసు. కూలీల శిబిరాలలో ఆ క్రమాన్ని నిలబెట్టగల అధికారులు లేరు, వైద్యులు దాదాపు లేరు, చదువు రాని చేతులలో కలమూ లేదు. ఒకే నది, ఒకే క్రిమి. కాంచనాబురి యుద్ధ శ్మశానంలో దాదాపు 7,000 సమాధులు వరుసలు తీరి ఉన్నాయి. కూలీలలో అత్యధికులకు పేరు చెక్కిన రాయి లేదు. వైద్యుడు లేని శిబిరంలో మరణమే కాదు, మరణపు నమోదు కూడా లేకుండా పోయింది.

ఆ దారిలో నడిపేందుకు జపాన్ తన సీ56 తరగతి ఆవిరి ఇంజన్లు 90 పంపింది. జపాన్ పట్టాల ఎడం 1,067 మిల్లీమీటర్లు. అందుచేత చక్రాలను 67 మిల్లీమీటర్ల మేర దగ్గరికి జరిపి మీటరు దారికి ఒప్పించారు. వాటిలో 31వ నంబరు ఇంజన్ యుద్ధానంతరం స్వదేశం చేరి, టోక్యోలో యసుకుని ఆలయ ప్రదర్శనశాలలో మెరుగుపెట్టిన ఒంటితో నిలిచి ఉంది. దానికి ఒక సంఖ్య ఉంది, ఒక చిరునామా ఉంది.

ఆ 67 మిల్లీమీటర్ల కుదింపే మరో అర్ధశతాబ్దానికి మళ్లీ అవసరమైంది. 1971 నుంచి 1979 వరకు న్యూజిలాండ్‌లో ఆక్లండ్–వెల్లింగ్టన్ నడుమ సిల్వర్ స్టార్ అనే రాత్రి బండి నడిచేది. పెట్టెలు జపాన్‌లో నిప్పన్ షర్యో చేసినవి. బండి ఆగిపోయాక వాటిని కొని, చక్రాల ఎడం తగ్గించి, లోపల చెక్క పనితనంతో అలంకరించి, 1993లో ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ ఎక్స్‌ప్రెస్‌గా సింగపూర్–బ్యాంకాక్ దారిలో ప్రవేశపెట్టారు. క్వై నది వంతెన ఆ విలాస యాత్రలో ఒక మజిలీ అయింది. గూడ్సు పెట్టెలు నడిచిన పట్టాల మీదనే భోజనశాల నడిచింది. ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు, పట్టాలకు జ్ఞాపకం ఉండదు. ఉండవలసింది పాఠకులకు.

స్వతంత్ర దేశాలు రెండైన తరువాత సింగపూర్ గడ్డ మీది స్టేషనూ దారీ మలేసియా రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. 1998లో సింగపూర్ తన తనిఖీని వుడ్‌లాండ్స్‌కు తరలించగా, మలేసియా తనిఖీ తంజోంగ్ పగార్‌లోనే కొనసాగింది. అంటే ప్రయాణికుడు ముందు మలేసియాలో ప్రవేశించి, ఆ తరువాత సింగపూర్ విడిచిపెట్టేవాడు! ఈ చిక్కు 2010 ఒప్పందంతో విడిపోయింది. 2011 జూన్ 30 రాత్రి చివరి బండిని జొహోర్ సుల్తాన్ ఇబ్రహీం స్వయంగా నడిపాడు. 1924లో కాజ్‌వే లాంఛన ప్రారంభం నాటి సుల్తాను ఆయన ముత్తాత. ఆ రాత్రి వరకూ బుకిత్ తిమా స్టేషనులో సిబ్బంది డ్రైవరు చేతికి టోకెను అందించేవారు. పట్టాలు తీసిన 24 కిలోమీటర్ల బాట నేడు పచ్చని నడకదారి.

2015 జులై నుంచి వుడ్‌లాండ్స్‌లో రోజువారీ ప్రయాణికులకు మిగిలింది జొహోర్ బారుకు అయిదు నిమిషాల షటిల్ బండి ఒక్కటే. 2024లో తిరిగి మొదలైన విలాసపు బండి మలేసియాలో తిరిగి వెనక్కి వస్తుంది, బ్యాంకాక్ పోదు. జలసంధి మీద కొత్తగా కట్టిన వేగ రైలుమార్గానికి 1,435 మిల్లీమీటర్ల పట్టాలు వేశారు. మీటరు పెట్టె ఏదీ ఇక ఆ దారిన దాటలేదు.

ఇంజన్లకు ఆలయం దొరికింది, పెట్టెలకు పునర్జన్మ దొరికింది, స్టేషనుకు జాతీయ స్మారక గౌరవం దొరికింది. వైద్యుల దినచర్యలకు పాఠకులు దొరికారు. ఆ దినచర్యలలో దూరాన, వాన తెర వెనక, పేర్లు లేని గుంపులుగా తోట కూలీలు కనబడతారు. వారిలో తెలుగు మాట్లాడినవారు ఉన్నారని తెలిసి చదవడం ఒక రకం చదువు, తెలియక చదవడం మరొక రకం. మలేసియా తెలుగు కుటుంబాలలో తాతతండ్రుల నోట విన్న మాటలు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. వాటిని అడిగి రాసుకునే గడువు ఏటేటా తరిగిపోతోంది.