రక్తం చెప్పే లెక్క

2021 మే నెలలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలోకి కొత్త మాటలు వచ్చాయి. సీఆర్‌పీ, డి-డైమర్, ఫెర్రిటిన్... అక్షరం రాని ఆడవాళ్లు కూడా ఆ కాగితాలు పట్టుకుని "మా ఇంటాయనకు ఎంతొచ్చింది?" అని అడిగేవాళ్లు. నా కంటబడిన కాగితాల మీద ఎక్కువగా మగవాళ్ల పేర్లే ఉండేవి.

కోరుట్లలో మా చిన్నమ్మ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. జ్వరం, ఆయాసం వచ్చినా పరీక్షకు కదల్లేదు. "నాకెందుకు బిడ్డా? గా పైసలంటే పది దినాల కూలి. మీ చిన్నాయనకు చేయించిన్రు, సాలు" అంది. సిరిసిల్ల నుంచి కూతురు వచ్చి, పోట్లాడి తీసుకుపోయింది. సీఆర్‌పీ 92, ఆక్సిజన్ 89. వెంటనే ఆక్సిజన్, డెక్సామెథసోన్ మొదలుపెట్టారు. బతికింది.

ఆ అంకెలకు విలువ లేదనను. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రోటీన్. ఒంట్లో వాపు పెరిగితే అదీ పెరుగుతుంది. డి-డైమర్ రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే తునక. 2020లో బ్రిటన్ ఆసుపత్రుల రోగుల వివరాలతో తయారైన 4సీ స్కోరు వయసు, ఆక్సిజన్, యూరియా, సీఆర్‌పీ వంటి ఎనిమిది అంశాలతో ప్రాణాపాయాన్ని అంచనా కడుతుంది. అందులో మగవాడికి ఒక మార్కు, స్త్రీకి సున్న. ఆసుపత్రిలో చేరినవాళ్లలో మగవాళ్లకే ముప్పు ఎక్కువగా కనిపించింది కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. కానీ అది చేరినవాళ్ల లెక్క. గడప దాటనివాళ్లది ఎవరు కట్టారు?

ఫెర్రిటిన్ సంగతి ఇంకా చిక్కు. అది ఇనుము నిల్వలకూ కొలతే, వాపుకూ కొలతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇనుము అడుగంటిన ఒంట్లో ఫెర్రిటిన్ పెరిగినా, కాగితం మీద మామూలు అంకెలాగే కనిపించవచ్చు. ఆ అంకెను చదవాలంటే ఆమె ఏం తిన్నదో, ఎన్ని కాన్పులైనాయో కూడా తెలియాలి.

2021 జూన్‌లో జగిత్యాల, సిరిసిల్లల్లో ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాలు మొదలయ్యాయి. ఉచిత పరీక్ష మంచిదే. డబ్బు అడ్డు తొలగితే ఒక అడ్డు తొలగినట్టే. ఇంట్లో ఎవరి జ్వరానికి ఎవరు లేచి బండి తీస్తారన్నది రెండో అడ్డు. దాన్ని కొలిచే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. మనమే కొలవాలి, మనమే మాట్లాడాలి.