మేము దాచిన నాలుగేళ్లు



ఈ వారం వాక్యం చెప్పే ముందు మా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవాలి.

మన భద్రాచలం దారి సంగతి మీకు తెలిసిందే. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లోంచి గంజాయి ఈ దారినే పైకి పోతుంది. చెక్‌పోస్టు దగ్గర పట్టుబడేది చాలాసార్లు సరుకు యజమాని కాదు, కిరాయికి బండి నడిపే కుర్రాడు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు దాటిన గంజాయి కేసులో నేరం రుజువైతే పదేళ్లకు తక్కువ శిక్ష లేదు. మా సంఘపు తమ్ముడొకడి బండిలో దొరికింది అంతకన్నా తక్కువ. నాలుగేళ్లు లోపల ఉండి వచ్చాడు.

వచ్చేసరికి మిరప కోతలు. కోతకు ఎవరూ కాగితాలు అడగరు కదా, వెళ్లాడు. మూడో రోజున చేలో ఒకరి ఫోను కనబడలేదు. అందరి చూపూ అతని సంచి మీదికే పోయింది. కాసేపటికి గట్టు మీద తువ్వాలు కింద ఫోను దొరికింది. ఒక్కరూ అతనితో మాట్లాడలేదు. మరునాడు అతను కోతకు పోలేదు.

తర్వాత ఒక కాంట్రాక్టరు దగ్గర వాచ్‌మన్ పని ఉందని తెలిసి దరఖాస్తు కాగితం తెచ్చుకొని మా ఇంటికి వచ్చాడు. అందులో ఒక గడి ఉంది: ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా?

"ఇక్కడ ఏం రాయాలి అయ్యగారూ?" అని అడిగాడు.

"లేదు అని రాసెయ్ నాయనా. దేవుడు క్షమించినదాన్ని మనుషులకు చెప్పనక్కర్లేదు" అన్నాము. సంఘపు లెటర్‌ప్యాడ్ మీద ఉత్తరం కూడా ఇచ్చాము. చిన్నప్పటి నుండి ఎరుగుదుము, నడవడి మంచిది అని రాశాము. ఆ నాలుగేళ్లు రాయలేదు. అదే కనికరం అనుకున్నాము.

పదకొండో రోజున పోలీసు వెరిఫికేషన్ వచ్చింది. కేసు సంగతి ముందే చెప్పి ఉంటే ఆలోచించేవాళ్లం, అబద్ధం రాసినవాడికి గేటు తాళాలు ఎలా ఇస్తాం అని పంపేశారట. ఆ సాయంత్రం వచ్చి మా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మా ఇంటావిడ టీ ఇస్తే తాగలేదు.

"నేను నిజమే రాద్దామనుకున్నాను అయ్యగారూ. మీరే వద్దన్నారు."

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఫిలేమోనుకు రాసిన పత్రిక తీసి చదువుకున్నాము. సెమినరీలో దాని మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఆ రాత్రి అది వేరుగా కనబడింది. ఒనేసిము గతాన్ని పౌలు దాచలేదు. ఒకప్పుడు నీకు పనికిరానివాడే అని ఒప్పుకున్నాడు. నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో అన్నాడు. యెరూషలేములో శిష్యులు సౌలును చూసి భయపడినప్పుడు బర్నబా కూడా అంతే. పాత కథ కప్పిపెట్టలేదు, ప్రభువు అతనికి చేసినదంతా చెప్పి, పక్కన నిలబడ్డాడు. మా ఉత్తరానికి మాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అందుకే అది నిలబడలేదు.

ఇలాంటి బిడ్డలున్న తల్లిదండ్రులు ఒక మాట తెలుసుకోవాలి. సర్కారు ఉద్యోగాల వెరిఫికేషన్ గురించి సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది: అరెస్టు, కేసు, శిక్ష అడిగినప్పుడు నిజం రాయాలి. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కానీ దాచిపెట్టడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. మరొకటి. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పెడతారు. అడగడానికి సిగ్గుపడకండి. హైదరాబాదులో చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ల శాఖ పెట్రోలు బంకు నడిపి ఖైదీలకు, విడుదలైనవారికి పని ఇచ్చింది. రోజూ చేతినిండా డబ్బు ఆడే పని అది! జైలు అధికారులు నమ్మగలిగినప్పుడు సంఘం నమ్మలేదా?

మేము రెండో ఉత్తరం రాశాము. అతని అనుమతితోనే నాలుగేళ్ల సంగతి మొదటి వాక్యంలో పెట్టాము. నష్టం జరిగితే మేము కట్టుకుంటామని రాసి, సంతకం చేసి, ఫోను నంబరు వేశాము. పట్టుకుని ఇద్దరి దగ్గరికి తిరిగాము. ఒకాయన మర్యాదగా వద్దన్నారు. రెండో ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "మీ సంఘంలో ట్రాక్టర్లున్నవాళ్లు ఉన్నారు కదా పాస్టరు గారూ, వాళ్లెందుకు పెట్టుకోలేదు?" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. తప్పిపోయిన కుమారుని మీద ఎన్నిసార్లు ప్రసంగించామో. ఆ కుమారుడు మరునాడు ఏ పనికి పోయాడని ఒక్కసారీ అడగలేదు.

ఆదివారం ఆరాధన తర్వాత పెద్దల ముందు ఆ ఉత్తరం చదివాము. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పెద్దాయన, "సరే అయ్యగారూ, రేపటి నుంచి రమ్మనండి. తాళం మాత్రం సాయంత్రం నాకు ఇచ్చి పోవాలి" అన్నారు.

రెండు నెలలైంది. అతను దున్నుతున్నాడు, కూలి ఇంటికి పంపుతున్నాడు. పెద్దాయన తాళం ఇప్పటికీ ప్రతి సాయంత్రం తీసుకుంటున్నారు. ఆయన కోసం కూడా ప్రార్థించండి.

ప్రభువా, నీవు మా బాకీ నీ లెక్కలో వేసుకున్నావు. ఒకరి బాకీ మా లెక్కలో వేసుకునే ధైర్యం మాకు దయచేయుము. ఆమేన్.